ఆ దారిన నడిచి వచ్చినవారు

రాయచూరు జిల్లాలో తెలుగు మాట వినిపించే ఊళ్లకు కొదువ లేదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారిన తరువాత కోస్తా జిల్లాల రైతులు ఎందరో వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలో భూములు కొని వరి మళ్లు చేశారు. వారు మొదట వేసుకొన్న పాకల గుంపులకు 'క్యాంపు' అనే పేరు వచ్చింది. పాకలు పోయి మేడలు లేచినా ఆ పేరు మాత్రం పోలేదు.

ఈ ఊళ్లలోనే కాదు, తెలుగువారున్న చాలా చోట్ల ఒక జబ్బు పేరును పైకి పలకరు. పూర్వులు దానిని రాచపుండు అన్నారు, పుట్టకురుపు అన్నారు. నేడు అందరికీ తెలిసిన పేరు క్యాన్సర్. అయినా ఇంటిలో ఎవరికైనా అది వచ్చిందని తేలితే 'ఆ జబ్బు' అంటారు, 'పెద్ద జబ్బు' అంటారు. పిల్లలు దగ్గరకు రాగానే మాట మార్చేస్తారు. రోగికి తెలియనివ్వకూడదని బంధువులు, బంధువులు బాధపడతారని రోగి, ఒకరి దగ్గర ఒకరు దాచుకొంటారు. కొన్ని ఇళ్లలో రోగి తాగే గ్లాసు వేరు చేస్తారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. శరీరంలోని కణాలు అదుపు తప్పి విభజన చెందుతూ పోవడమే ఆ వ్యాధి. ఈ సంగతి చదువుకొన్నవారికి తెలుసు. తెలిసినా గ్లాసు వేరుగానే ఉంటుంది.

అటువంటి ఇంటిలో మంచం మీదున్న మనిషికి ఏమి కావాలి? వైద్యం కావాలి, అది మొదటిది. డబ్బు కావాలి. తోడు కావాలి. ఇవన్నీ సమకూరినా తీరని వెలితి ఒకటి మిగిలిపోతుంది. వైద్యునికి వ్యాధి గురించి అంతా తెలుసు. కాని ఆయనకు ఆ వ్యాధి రాలేదు. బంధువులు "ఏమీ కాదు, ధైర్యంగా ఉండు" అంటారు; వారు ఆ మాట వణుకుతూ అంటున్నారని రోగికి తెలుస్తూనే ఉంటుంది. అదే మాట, అదే జబ్బుతో అదే మందు ఎక్కించుకొని, జుట్టు రాలిపోయి, మళ్లీ మొలిచిన మనిషి వచ్చి చెబితే దాని బరువు వేరు.

ఆ బరువు ఎంతటిదో తెలిపే కథ ఒకటి క్రికెట్ చూసే ప్రతి పిల్లవానికీ సగం తెలిసినదే. మిగిలిన సగం తెలుసుకోదగినది.

2011 ప్రపంచకప్‌ను భారత జట్టు గెలుచుకొంది. ఆ పోటీలలో యువరాజ్ సింగ్ 362 పరుగులు చేసి, 15 వికెట్లు తీసి, పోటీ మొత్తానికి ఉత్తమ ఆటగాడుగా ఎంపికయ్యాడు. మార్చి 20న చెన్నైలో వెస్టిండీస్‌పై 113 పరుగులు చేసిన నాడు అతడు మైదానంలో వాంతులు చేసుకొంటూ ఆడాడు. ఎండ వేడికి అలా అయి ఉంటుందని చూసినవారు అనుకొన్నారు. దగ్గు వచ్చేది, ఊపిరి అందేది కాదు. అతడు దానిని పట్టించుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ల వయసు, దేశమంతా పేరు, కండలు తిరిగిన ఒళ్లు. తనకు పెద్ద జబ్బు ఉండవచ్చుననే ఆలోచనే రానీయలేదని తరువాత తానే ఒప్పుకొన్నాడు. ఒంటిలో బలమున్న వారు ఈ విషయంలో ఎక్కువగా పొరపడతారు.

పరీక్షలలో రెండు ఊపిరితిత్తుల నడిమి భాగంలో గడ్డ ఉన్నట్టు తేలింది. అది సెమినోమా అనే క్యాన్సర్. 2012 ఆరంభంలో అతడు చికిత్స కొరకు అమెరికా వెళ్లాడు. తల్లి షబ్నం వెంట ఉన్నారు. ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపొలిస్‌లో వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్ పర్యవేక్షణలో కీమోథెరపీ జరిగింది. కీమోథెరపీ అంటే మందులతో క్యాన్సర్ కణాలను చంపడం. ఆ మందులు వేగంగా విభజన చెందే కణాలను పట్టుకొంటాయి. జుట్టు కుదుళ్లలోని కణాలు కూడా వేగంగా పెరిగేవే కాబట్టి అవీ దెబ్బ తింటాయి. యువరాజ్ తల బోడి అయింది. తిన్నది కడుపులో నిలిచేది కాదు.

ఆ గదిలో అతనికి ఒక పుస్తకం తోడయింది. అది అమెరికా సైకిల్ పందెగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆత్మకథ. కొన్నేళ్ల క్రితం ఆ పుస్తకాన్ని మొదలుపెట్టి పూర్తి చేయకుండానే పక్కన పడేశానని యువరాజ్ చెప్పుకొన్నాడు. ఒంట్లో హాయిగా ఉన్న రోజుల్లో అది ఎవరో పరాయివాని కథ. ఇప్పుడు అందులోని ప్రతి పుటా తనదే అయింది. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా తన అండ ఉంటుందని అతనికి సందేశం పంపాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996 అక్టోబరులో, ఇరవై ఐదేళ్ల వయసులో, వృషణ క్యాన్సర్ ఉన్నట్టు తెలిసింది. అప్పటికే అది పొట్టలోకి, ఊపిరితిత్తులలోకి, మెదడులోకి పాకింది. అతడు వెళ్లినదీ ఇండియానాపొలిస్‌కే. ఐన్‌హార్న్ బృందమే అతనికి మందు ఎంచింది. సాధారణంగా వాడే మందులలో ఒకటి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. సైకిల్ తొక్కేవానికి ఊపిరే ప్రాణం కాబట్టి దానికి బదులు వేరొకటి వాడారు. యువరాజ్‌కు వచ్చిన సెమినోమా కూడా ఈ జాతి వ్యాధే; పుట్టిన చోటు మాత్రమే వేరు. అందుచేతనే ఇద్దరికీ ఒకే ఊరు, ఒకే వైద్యుడు.

అయితే ఆర్మ్‌స్ట్రాంగ్ కంటే ముందు ఆ దారిన నడిచినవాడు మరొకడున్నాడు. అతని పేరు జాన్ క్లీలాండ్. ఇరవై ఏళ్లు దాటిన కళాశాల విద్యార్థి. అదే జబ్బు. అప్పట్లో ఒళ్లంతా పాకిన వృషణ క్యాన్సర్ ఉన్నవారు నూటికి పదిమంది బతకడం కష్టం. అతనికి ఉన్న మందులన్నీ వాడారు, ఏదీ పని చేయలేదు. 1974 అక్టోబరులో యువ వైద్యుడైన ఐన్‌హార్న్, అంతవరకు ఈ జబ్బుకు ఇతర మందులతో కలిపి వాడి చూడని ఒక కొత్త మందును అతనికి ఎక్కించాడు. కొద్ది వారాలలో గడ్డలు కరిగిపోయాయి.

ఆ మందు పేరు సిస్‌ప్లాటిన్. దాని పుట్టుక విచిత్రమైనది. 1960లలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త మిషిగన్‌లో బాక్టీరియాలపై విద్యుత్తు ప్రభావం ఎలా ఉంటుందో పరీక్షిస్తున్నాడు. క్యాన్సర్ మాట ఆయన మనసులో లేదు. విద్యుత్తు ప్రవహించడానికి ప్లాటినం ముక్కలను వాడాడు. ప్లాటినం దేనితోనూ కలవదని, అందుచేత ప్రయోగానికి అడ్డు రాదని ఆయన నమ్మకం. బాక్టీరియాలు విభజన చెందడం మానివేసి, పేగుల్లాగా పొడుగ్గా, మామూలు కంటే మూడు వందల రెట్ల వరకు సాగిపోయాయి. ఇది విద్యుత్తు మహిమ కాదని, ప్లాటినం నుండి కరిగి వచ్చిన పదార్థం కణ విభజనను ఆపుతున్నదని తరువాత తేలింది. ఆ ఫలితం 1965లో వెలువడింది. విభజన ఆపితే బాక్టీరియా ఆగిపోయినట్లు క్యాన్సర్ కణం ఆగదా? ఆ ప్రశ్నే ఎలుకల మీదుగా మనుషుల వరకు వచ్చింది. 1978లో అమెరికా ప్రభుత్వం ఆ మందుకు అనుమతి ఇచ్చింది. నేడు పాకిన వృషణ క్యాన్సర్ ఉన్నవారిలో నూటికి సుమారు ఎనభై మంది కోలుకొంటున్నారు.

క్లీలాండ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడయ్యాడు. మొదటివాడు కావడం వలన అతనికి ముందు నడిచి వచ్చినవాడు ఎవరూ లేరు. మందు ఎక్కుతున్నప్పుడు "ఇది తగ్గుతుంది, నాకు తగ్గింది" అని చెప్పేవారు లేకుండానే అతడు ఆ రోజులు గడిపాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ నాటికి అటువంటివారు వేలమంది ఉన్నారు. యువరాజ్ నాటికి పుస్తకమే ఉంది.

యువరాజ్‌ను చూడడానికి అంత దూరం వెళ్లినవారిలో మన కర్ణాటక ఆటగాడు అనిల్ కుంబ్లే ఒకరు. యువరాజ్ తన పాత ఆటల వీడియోలు చూసుకొంటూ ఉండేవాడు. కుంబ్లే ఆ లాప్‌టాప్‌ను మూసివేసి, ముందు ఆరోగ్యం సంగతి చూసుకోమని చెప్పారట. రోగికి రెండు రకాల మనుషులు కావాలి: ఆ బాధ తెలిసినవారు, ఆ బాధ తెలియకపోయినా మందలించే చనువు ఉన్నవారు.

మార్చిలో చికిత్స ముగిసింది. ఏప్రిల్‌లో యువరాజ్ ఇంటికి తిరిగి వచ్చాడు. సెప్టెంబరు 8న విశాఖపట్నంలో న్యూజిలాండ్‌తో అతడు మళ్లీ ఆడవలసి ఉంది. ఆ రోజు వాన కురిసి ఆట రద్దయింది. మూడు రోజుల తరువాత చెన్నైలో, ఏడాదిన్నర క్రితం వాంతులు చేసుకొంటూ శతకం కొట్టిన అదే మైదానంలో, అతడు బ్యాటు పట్టుకొని వచ్చాడు. 26 బంతులలో 34 పరుగులు చేశాడు. భారత జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. ఓడిన ఆటకు జనం అంతగా చప్పట్లు కొట్టడం అరుదు.

ఇక్కడ కథ ఆపితే బాగుండేది. కాని జరిగినది దాచకూడదు. ఆ మరుసటి నెలలోనే, 2012 అక్టోబరులో, ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుండి 2005 వరకు వరుసగా గెలిచిన ఏడు టూర్ డి ఫ్రాన్స్ విజయాలను రద్దు చేశారు. నిషేధించిన మందులు వాడి గెలిచాడని రుజువైంది. 2013 జనవరిలో అతడే దానిని ఒప్పుకొన్నాడు. అతని పుస్తకం చదివి ధైర్యం తెచ్చుకొన్న రోగులు ప్రపంచమంతటా ఉన్నారు. వారు ఆ ధైర్యాన్ని తిరిగి ఇచ్చివేయాలా? పందెంలో అతడు చేసినది మోసం. ఆస్పత్రిలో అతడు పడినది నిజమైన బాధ. దానికి దొంగదారి లేదు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండడం చూసి ఆశ్చర్యపోవచ్చు, కాని రెండవదాన్ని చూసి మొదటిదాన్ని క్షమించనక్కరలేదు, మొదటిదాన్ని చూసి రెండవదాన్ని కొట్టివేయనక్కరలేదు. యువరాజ్ తన అనుభవాన్ని 2013లో పుస్తకంగా తెచ్చాడు. క్యాన్సర్ పరీక్షలు, అవగాహన కొరకు 'యు వీ క్యాన్' అనే సంస్థను నడిపించాడు. 2017 జనవరి 19న కటక్‌లో ఇంగ్లండ్‌పై 150 పరుగులు చేశాడు. ఒకరోజు ఆటలలో అతని అత్యధిక స్కోరు క్యాన్సర్‌కు ముందు చేసినది కాదు, తరువాత చేసినది.

పేరున్నవారికి పుస్తకాలు, సందేశాలు, విమానాలు ఉంటాయి. పేరు లేనివారికి ఈ తోడు ఎలా దొరుకుతుంది? ఈ ప్రశ్న అరవై, డెబ్బై ఏళ్ల క్రితమే ఒక గృహిణికి వచ్చింది. ఆమె న్యూయార్క్ నగరానికి చెందిన టెరీస్ లాసర్. 1952లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. శస్త్రచికిత్స బాగానే జరిగింది. కాని చేయి పైకి ఎత్తడం ఎలాగో, మునుపటి బట్టలు ఎలా తొడుక్కోవాలో, భర్త ముందు, పిల్లల ముందు ఎలా నిలబడాలో చెప్పేవారు ఆస్పత్రిలో ఎవరూ లేరు. ఆమె తనంతట తాను నేర్చుకొంది. నేర్చుకొన్నదాన్ని చెప్పడానికి కొత్తగా శస్త్రచికిత్స జరిగిన స్త్రీల మంచాల దగ్గరకు వెళ్లసాగింది. చేతి సంచిలో చేయి సాగదీసే వ్యాయామానికి ఒక తాడు, ఒక బంతి ఉండేవి. వైద్యురాలు కాని మనిషి రోగుల దగ్గరకు రావడం కొందరు వైద్యులకు నచ్చలేదు. ఆమె మానలేదు. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తనలో కలుపుకొంది. తరువాత అది ఇతర దేశాలకు పాకింది. అందులో ఒక కట్టుబాటు ఉంది. వెళ్లే మనిషి ఆ జబ్బు నుండి కోలుకొన్నవారై ఉండాలి. కాని మందుల విషయంలో సలహా ఇవ్వకూడదు.

ఈ కట్టుబాటు చాలా తెలివైనది. క్యాన్సర్ అనేది ఒక జబ్బు కాదు, అనేక జబ్బులకు ఒక పేరు. ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయకపోవచ్చు. ఒకరు కోలుకొన్నందువల్ల మరొకరు కోలుకొంటారని హామీ లేదు. నాకు ఫలానా ఆకు పసరుతో తగ్గింది, నువ్వూ ఆస్పత్రి మానెయ్యి అని చెప్పేవాడు తోడు కాడు, ప్రమాదం.

అదే 1952లో, గొంతు క్యాన్సర్ వలన స్వరపేటిక తీసివేయించుకొన్నవారు కూడా అమెరికాలో ఒక సంఘంగా ఏర్పడ్డారు. స్వరపేటిక పోయినవారు అన్నవాహికలోకి గాలి మింగి, దానిని వెనక్కు వదులుతూ మాట్లాడడం నేర్చుకోవచ్చు. ఆ విద్య గొంతు పోయి, మళ్లీ మాట తెచ్చుకొన్న మనిషి ఎదుట కూర్చొని చూపిస్తే బాగా పట్టుబడుతుంది. గొంతులో అమర్చే చిన్న పరికరంతోనూ మాట్లాడవచ్చు. అది ఖరీదైనది. 2015 ప్రాంతంలో బెంగుళూరుకు చెందిన శస్త్రవైద్యుడు విశాల్ రావు, పరిశ్రమ నడిపే తన మిత్రునితో కలిసి సుమారు 50 రూపాయల ఖర్చుతో అటువంటి పరికరాన్ని తయారు చేయించారు. పొగాకు, గుట్కా అలవాటున్న చోట్ల నోటి, గొంతు క్యాన్సర్లు ఎక్కువ. రాయచూరు ప్రాంతానికి ఈ సంగతి దూరపు వార్త కాదు.

తెలుగువారిలో ఈ మౌనాన్ని బహిరంగంగా వదిలినవారిలో నటి గౌతమి ఒకరు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, తెలుగు, తమిళ, కన్నడ చిత్రాలలో పేరు తెచ్చుకొన్నారు. ముప్పై అయిదేళ్ల వయసులో తన రొమ్ములో గడ్డ ఉన్నట్టు తనే స్వయంగా గమనించారు. ఎవరో చెప్పే వరకు ఆగలేదు, పరీక్ష చేయించుకొన్నారు. అది క్యాన్సరే. అప్పటికి కుమార్తె చిన్నపిల్ల. చికిత్స పూర్తయ్యాక దాచుకోవచ్చు. సినిమా నటికి దాచుకోవడానికి కారణాలు ఇంకా ఎక్కువ. ఆమె సభలలో, పత్రికలలో ఆ సంగతి చెప్పారు. 'లైఫ్ అగైన్' అనే సంస్థను నెలకొల్పి కోలుకొన్నవారినీ, కోలుకొంటున్నవారినీ ఒకచోట చేర్చారు. తెరపై చూసిన మనిషి తన నోటితో "నాకు క్యాన్సర్ వచ్చింది" అన్న తరువాత, పేరు పలకడానికి జంకే ఇంటిలో కూడా ఆ మాట కొంత తేలిక పడుతుంది.

రాయచూరు జిల్లా రోగి చికిత్సకు సాధారణంగా మూడు దిక్కులలో ఒక దిక్కుకు వెళతాడు. కలబురగిలో బెంగుళూరు కిద్వాయి సంస్థవారి ఉపకేంద్రం ఉంది. బెంగుళూరులో 1973లో మొదలైన కిద్వాయి స్మారక గ్రంథి సంస్థ ఉంది. హైదరాబాదులో 1955లో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అది ఏర్పడిన నాడు రాయచూరు, హైదరాబాదు ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఏ దిక్కుకు వెళ్లినా మొదటి రోజు ఒకటే. చేతిలో కాగితాల సంచి, ఎక్కడ నిలబడాలో తెలియని వరుస, చుట్టూ కన్నడం, ఉర్దూ, తెలుగు, మరాఠీ. ఆ వరుసలో ముందు నిలబడినవారు తరచుగా పాతవారే అయి ఉంటారు. రెండోసారో, ఆరోసారో, అయిదేళ్ల తరువాత వట్టి పరీక్షకో వచ్చినవారు.

కొత్తగా వచ్చినవారికి తెలుసుకోవలసినవి పాఠ్యగ్రంథాలలో ఉండవు. మందు ఎక్కిన రోజు కంటే మూడో రోజు ఎక్కువ నీరసంగా ఉండవచ్చునని, అన్నం సహించనప్పుడు పలచటి మజ్జిగ, గంజి కొద్దికొద్దిగా తాగవచ్చునని, కార్డు జిరాక్సులు రెండు ఎక్కువే తెచ్చుకోవాలని, జ్వరం వస్తే ఊళ్లో మాత్ర మింగి ఊరుకోక వెంటనే ఆస్పత్రికి తెలపాలని, రాలిన జుట్టు మళ్లీ వచ్చినప్పుడు మొదట మెత్తగా, పసిపిల్లల జుట్టులా వస్తుందని. వీటిని చెప్పడానికి పేరు అక్కరలేదు, సంస్థ అక్కరలేదు.

అటువంటి మనిషి చాలా ఊళ్లలో ఇప్పటికే ఉండి ఉండవచ్చు. చికిత్స ముగించుకొని వచ్చి, ఏళ్ల తరబడి వరి కోతలకు వెళుతూ, కొట్టు నడుపుతూ, బడిలో పాఠం చెబుతూ, తనకు ఏమి వచ్చిందో ఎవరికీ చెప్పకుండా ఉన్నవారు. పక్క వీధిలో ఎవరికో అదే జబ్బు వచ్చిందని తెలిసిన సాయంత్రం వారు ఆ ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చొని, మంచినీళ్లు అడిగి అదే గ్లాసుతో తాగి, "నాకు కూడా వచ్చింది" అని మొదలుపెట్టవలసి ఉంటుంది.